పీకకుండా వదిలేసిన మొలకలు

వీరా జేమ్సన్, బెర్ట్రమ్ ఆండర్సన్. ఇంగ్లండులో కాస్త మంచి నర్సరీకి ఏ ఊళ్ళో వెళ్ళినా ఈ రెండు పేర్లూ చిన్న కుండీలకి గుచ్చిన ట్యాగుల మీద కనిపిస్తాయి. రెండూ సీడమ్ జాతి మొక్కలు. రెండిటి ఆకులూ దళసరిగా, ముదురు వంకాయ రంగులో ఉంటాయి. మొదటిది జానెడెత్తు లేచి నాలుగు పక్కలకీ వాలుతుంది, ఆకు మీద బూడిదరంగు మైనపు పొర సన్నగా కనిపిస్తుంది. రెండోది నేలని వదలదు. రాయి అంచు దొరికితే దాని మీంచి కిందికి జారుతుంది. మొక్కలకి రాకముందు ఇవి ఇద్దరు మనుషుల పేర్లు. ఇద్దరూ గ్లోస్టర్‌షైర్‌లో తోటలు పెంచుకున్నవాళ్ళే.

నేనుండేదీ ఆ జిల్లాలోనే. ఉండేది అంటే, వేసవి నెలల్లో. మా అబ్బాయి చెల్టెన్‌హామ్‌లో డాక్టరు. నేను కాకినాడ దగ్గర జూనియర్ కాలేజీలో బోటనీ చెప్పి రిటైరయ్యాను. మావారు పోయాక ఎండాకాలం ఇటు రావడం అలవాటైంది. కొడుకూ కోడలూ డ్యూటీలకి వెళ్ళాక పెరడంతా నాదే. సెలవు రోజున ఊరు చూపిస్తామంటే అందరూ కోటలూ చర్చిలూ అడుగుతారు, నేను నర్సరీకి తీసుకెళ్ళమంటాను. అక్కడ ట్యాగు మీద మనిషి పేరు కనిపిస్తే ఆ మనిషెవరో కనుక్కునేదాకా నాకు తోచదు. పాఠం చెప్పిన బుద్ధి ఎక్కడికి పోతుంది.

వీరా జేమ్సన్ గారి కథ చిన్నదే. ఆవిడ నర్సరీ వ్యాపారి కాదు, తన తోట తాను చూసుకునే మనిషి. 1970ల ప్రాంతంలో ఆ తోటలో ఎవరూ విత్తని మొలక ఒకటి లేచింది. 'రూబీ గ్లో' అనే పొట్టి సీడమ్‌కీ, 'అట్రోపర్‌ప్యూరియం' అనే పాత పొడుగాటి నల్లాకు సీడమ్‌కీ పుట్టిందని దాని పోలికలు చూసి తేల్చారు. తేనెటీగ కుదిర్చిన సంబంధం. దగ్గర్లోనే బ్రాడ్‌వెల్ అనే పల్లెలో కొండ మొక్కల నర్సరీ నడిపే జో ఇలియట్ దాన్ని తీసుకుని, పెంచి, ఆవిడ పేరే పెట్టి అమ్మాడు. చూస్తుండగానే అది దేశమంతా పాకింది.

నల్లాకు సీడమ్‌ల చరిత్ర తిరగేస్తే చాలా చోట్ల ఇదే వరస. తోటలో దానంతటది పుట్టిన మొలకని కలుపని పీకెయ్యకుండా ఎవరో ఒకరు ఆగి చూశారు. దాని అసలు రంగు తేలేదాకా ఓపిక పట్టారు. పద్ధతి ప్రకారం పుప్పొడి అద్ది, లెక్కలు రాసి, వందల మొలకల్లో ఒకటి ఏరే పనివాళ్ళు కూడా ఉన్నారు గానీ ఈ నలుపు విషయంలో వాళ్ళు మధ్యలో వచ్చినవాళ్ళు.

మూలమైన అడవి మొక్క సంగతి ముందు చెప్పాలి. యూరప్‌లో అడవుల అంచున, కంచెల మొదట్లో పెరిగే ఈ మొక్కని ఇంగ్లీషు పల్లెల్లో ఓర్పిన్ అంటారు. 1753లో లిన్నేయస్ దాన్ని సీడమ్ టెలిఫియం అని పుస్తకంలోకి ఎక్కించాడు. మోకాలెత్తు కాడలు, కండ పట్టిన ఆకులు, వేసవి చివర గుత్తులుగా చిన్న చిన్న గులాబీరంగు పూలు. ఆకు మామూలుగా పచ్చనే. కొన్నిటికి కాడా ఆకు ఈనె ఎరుపెక్కుతాయి. అలా ఎరుపు ముదిరిన రకాల్ని తోటల్లోకి తెచ్చుకుంటూ వచ్చారు. పైన చెప్పిన 'అట్రోపర్‌ప్యూరియం' ఆ బాపతుదే. రంగు అద్భుతం, నడుము మాత్రం లేదు. రెండడుగులు పెరిగి పూత బరువెక్కగానే పక్క మొక్క మీద పడిపోతుంది. తరవాత వచ్చిన నల్లాకు సీడమ్‌లు చాలావాటి పుట్టుకలో ఈ నడుం లేని మొక్క ఉంది.

అప్పట్లో జనానికి దీని రంగుతో పనిలేదు. కోసినా చావకపోవడమే వాళ్ళకి వింత. 1578లో హెన్రీ లైట్ అనే ఆయన, ఫ్లెమిష్ వైద్యుడు డొడొయెన్స్ రాసిన మూలికల గ్రంథాన్ని ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి తెచ్చాడు. అందులో ఈ మొక్క దగ్గర ఒక మాట ఉంది. నడివేసవి పండగ ముందు రోజు సాయంత్రం పల్లె జనం ఓర్పిన్ కాడల్ని కుండల్లో, గుల్లల్లో గుచ్చుతారట. లేదంటే చెక్క ముక్కకో పలకరాయికో బంకమట్టి మెత్తి అందులో నిలబెట్టి ఇంట్లో వేలాడదీస్తారట. అప్పుడప్పుడూ నీళ్ళు చిలకరిస్తే చాలు, చాలాకాలం పచ్చగా ఉండి ఎదుగుతుందట. ఈ రోజు గార్డెన్ సెంటర్లో తొట్టి మొక్కగా అమ్ముతున్నదాన్ని నాలుగు వందల ఏళ్ళకి పైబడి జనం తొట్టిలో పెట్టుకుంటూనే ఉన్నారన్నమాట. నడివేసవి అంటే వాళ్ళకి జూన్ 23 రాత్రి.

ఆ రాత్రి చేసే పనిలో ఆడపిల్లల ఆట ఒకటుంది. పదిహేడో శతాబ్దంలో జాన్ ఆబ్రీ, తనకి గుర్తున్నంతలో అని, దాన్ని రాసిపెట్టాడు. వంటింట్లో, పాల కొట్టంలో పనిచేసే పిల్లలు ఓర్పిన్ కాడలు రెండేసి తెచ్చి పైకప్పు దూలాల సందుల్లో జంటగా గుచ్చేవాళ్ళు. ఒకటి ఫలానా అబ్బాయి, ఒకటి ఫలానా అమ్మాయి. ఒకదాని వైపు ఒకటి వంగితే ప్రేమ, ఎడమొహం పెడమొహమైతే విముఖత. ఏదైనా వాడిపోతే అది చావుకి సూచన. వీటికి 'నడివేసవి మగాళ్ళు' అని పేరు.

ఇలాంటి ముచ్చట్లు పుస్తకాల్లో బోలెడుంటాయి, చాలావాటికి ఆధారం దొరకదు. దీనికి ఒక బంగారు ఉంగరం సాక్ష్యముంది. యార్క్‌షైర్‌లో కావుడ్ అనే ఊరి పక్క దున్నిన పొలంలో దొరికింది. 1801 జనవరిలో లండన్‌లో పురావస్తు సంఘం సభ్యులకి చూపించారు. దాని మీద రెండు ఓర్పిన్ కొమ్మలు చెక్కి ఉన్నాయి. రెండూ ఒకదాని వైపు ఒకటి వంగాయి, మధ్యలో ముడి. ఉంగరం మీది అక్షరాల లిపి పదిహేనో శతాబ్దపు తీరుదన్నారు. పనిమనుషుల ఆటే ఒకనాడు బంగారం చేయించుకోగలిగినవాళ్ళ ఇళ్ళలోనూ ఉండేదని ఆ ఉంగరం చెబుతోంది.

బోటనీ చెప్పినదానిగా ఒక మాట అనకుండా ఉండలేను. కోసిన కాడ వంగేది వెలుతురు వైపు. రెండిట్లో ఏది కిటికీ దగ్గరుంటే అది కిటికీకేసి తిరుగుతుంది, పిల్ల మొహం చూడదు. ఎంతమంది పాల కొట్టం పిల్లలు ఆ కిటికీ మూలంగా ఏడ్చి ఉంటారో.

మట్టీ నీళ్ళూ లేకుండా వారాల తరబడి అది ఎలా బతికింది అన్నది అసలు ప్రశ్న. దానికి జవాబు మొదలైన దారి మా ఊళ్ళ మీంచి పోతుంది.

సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీవాళ్ళకి ఒక తోట ఉండేది. విలియం రాక్స్‌బరో అక్కడ మిరియం, నీలిమందు లాంటి పైర్లు వేసి చూశాడు, కోరమాండల్ తీరం మొక్కల బొమ్మలు ఇక్కడి చిత్రకారుల చేత గీయించాడు. 1793లో ఆయన కలకత్తా వెళ్ళిపోతే ఆ తోట బెంజమిన్ హైనే చేతికొచ్చింది. హైనే జర్మన్. శాక్సనీ నుంచి మొరేవియన్ మిషన్ వాళ్ళతో తరంగంబాడికి వచ్చి, అక్కణ్ణించి కంపెనీ కొలువులో చేరాడు. తరవాత మైసూరు సర్వే నడిపిన మెకంజీ వెంట నడిచాడు, బెంగళూరు లాల్‌బాగ్ చూసుకున్నాడు, 1819లో మద్రాసు వేపేరిలో పోయాడు. 1813లో ఆయన లండన్‌లోని లిన్నియన్ సొసైటీ ఉపాధ్యక్షుడు లాంబర్ట్‌కి ఒక ఉత్తరం రాశాడు. 1815లో సొసైటీవాళ్ళు దాన్ని అచ్చేశారు. విషయం మన రణపాల.

రణపాల ఆకు పొద్దున్నే నోట్లో వేసుకుంటే చుక్కకూర అంత పులుపు, లేదా ఇంకా ఎక్కువ. పొద్దెక్కేకొద్దీ పులుపు తగ్గి మధ్యాహ్నానికి చప్పబడుతుంది. సాయంత్రానికి కాస్త చేదెక్కుతుంది. హైనే గమనించింది ఇదే, గమనించింది నాలుకతో. అప్పటికి మన పెరళ్ళలో ఆ ఆకు నూరి గాయాలకి కట్టిన ఆడవాళ్ళు ఎంతమందో ఉంటారు, ఆ తేడా వాళ్ళకి తెలియదని నేననుకోను. రాసిపెట్టింది ఆయన.

తరవాత శతాబ్దంన్నర పాటు జనం తవ్వితే తేలింది ఇది. ఇలాంటి మొక్కలు పగలు ఆకు రంధ్రాలు మూసుకుంటాయి, ఎండకి నీరు పోనివ్వవు. రాత్రి చల్లబడ్డాక రంధ్రాలు తెరిచి బొగ్గుపులుసు వాయువుని తీసుకుని మాలిక్ ఆమ్లంగా దాచుకుంటాయి. పొద్దుటికి ఆకు పుల్లగా ఉండటానికి కారణం అది. పగలు ఆ ఆమ్లాన్ని విరిచి, తలుపులు మూసుకునే చక్కెర తయారు చేసుకుంటాయి. రణపాల, సీడమ్ రెండూ ఉన్న క్రాసులేసి కుటుంబం పేరే ఈ పద్ధతికి పెట్టారు. ఓర్పిన్ అయితే ఇంకా గడుసుది. నీళ్ళు దొరికినన్నాళ్ళు మామూలు మొక్కలాగే ఉండి, నీటి ఎద్దడి వస్తే రాత్రి పద్ధతికి మళ్ళుతుంది. 1980ల్లో న్యూకాసిల్ యూనివర్సిటీలో దీని మీద పనిచేశారు. దూలం సందులో గుచ్చిన కాడ నెలంతా పచ్చగా ఉన్నదంటే ఆ గడుసుతనమే.

ఇంటర్ పిల్లలకి నేనీ పాఠం లిట్మస్ కాగితంతో చెప్పేదాన్ని. కాలేజీ గోడ పక్కనున్న రణపాల ఆకు పొద్దున ఫస్ట్ పీరియడ్‌లో ఒకటి, మధ్యాహ్నం బెల్లు ముందు ఒకటి తెమ్మని, రసం పిండి చూపించేదాన్ని. హైనే పేరు సిలబస్‌లో లేదు. సామర్లకోట నుంచి రోజూ రైల్లో వచ్చే పిల్లలకి ఆ పేరు చెప్పకుండా ఎలా ఊరుకోవడం. జర్మనీలో రణపాలకి గోథే మొక్క అని పేరు, కవి గోథేకి అంత ఇష్టం అది. ఆకు అంచున మొలిచే పిల్లల్ని స్నేహితులకి పంపేవాడు. ఈ సంగతి వింటే తెలుగు మాస్టారు తెగ సంబరపడేవారు.

సీడమ్‌లకి జర్మనీలో ఇంకా పెద్ద చుట్టరికం ఉంది. వుప్పర్టాల్ పక్క రోన్స్‌డార్ఫ్‌లో గియోర్గ్ ఆరెండ్స్ 1888లో నర్సరీ పెట్టాడు. పుప్పొడి కుంచెతో అద్ది సంకరాలు చేసి, వరసల్లో పెంచి, బాగాలేనివి పారేసిన పనివాడు ఈయనే. ఓర్పిన్‌కీ, చైనా కొరియా వైపు నుంచి వచ్చిన సీడమ్ స్పెక్టబిలేకీ కలిపి చేసిన ఆయన మొక్క 'ఆటమ్ జాయ్', జర్మన్ పేరు 'హెర్బ్‌స్ట్‌ఫ్రోయిడ'. 1943 మే ఆఖర్లో ఒక రాత్రి బాంబర్లు ఆ ఊరి మీద పడ్డాయి. రోన్స్‌డార్ఫ్ తగలబడిపోయింది, నర్సరీ పాడైంది. ఆరెండ్స్‌కి అప్పటికి దాదాపు ఎనభై ఏళ్ళు. మళ్ళీ మొదలుపెట్టాడు. 1952లో పోయాడు. 'ఆటమ్ జాయ్' బజారుకెక్కి పేరు తెచ్చుకుంది ఆ తరవాతే. 1970ల చివర వాషింగ్టన్‌లో వోల్ఫ్‌గాంగ్ ఓమ, జేమ్స్ వాన్ స్వీడన్ అనే తోటల డిజైనర్ల జంట దాన్ని గడ్డి మొక్కల పక్కన మడులు మడులుగా నాటడంతో అమెరికా అంతటా పాకింది. దాని ఆకు పచ్చనే. కానీ నడుము గట్టిది. నల్లాకు పిల్లకి ఆ నడుమే కావలసొచ్చింది.

ఇక తొట్టి కథ. ఇది వినడానికి చిన్న సంగతి. నల్లాకు సీడమ్‌కి ఇల్లు కుదిరింది మాత్రం దీనివల్లే.

జో ఇలియట్ తండ్రి క్లారెన్స్ ఇలియట్. స్టీవెనేజ్‌లో సిక్స్ హిల్స్ అనే నర్సరీ 1907లో పెట్టాడు. ఆయన చూపంతా కొండ మొక్కల మీద. కొండ మొక్కకి కావలసింది బురద నిలవని నేల, చుట్టూ రాయి. ఇంగ్లండు పల్లెల్లో పందులకి కుడితి పోసే రాతి తొట్లు, వంటింట్లో అంట్లు తోమే రాతి సింకులు అప్పటికి మూలన పడుతున్నాయి. వాటి స్థానంలో తెల్ల పింగాణీవి వచ్చాయి. క్లారెన్స్ ఆ పాత తొట్లు ఏరి తెచ్చి, అడుగున పెంకు ముక్కలు, పైన ఇసుకా గులకరాళ్ళూ కలిపిన మట్టి వేసి, గుప్పెడు మొక్కలతో చిన్న కొండని తయారుచేశాడు. ప్రపంచ యుద్ధాల మధ్య కాలంలో ఇది ఫ్యాషనైపోయింది. రైతులు ఊరికే ఇచ్చిన తొట్లకి ధర పలకడం మొదలైంది. దొరకనివాళ్ళు సిమెంటు, ఇసుక, పీట్ కలిపి రాయిలాంటిది పోతపోసుకున్నారు. పాత పింగాణీ సింకులకి అదే పూసి రాయనిపించారు. జో కూడా తండ్రి విద్యనే పట్టుకున్నాడు, తొట్లలో కొండ మొక్కల గురించి పుస్తకం రాశాడు.

గ్లోస్టర్‌షైర్‌లోని ఈ కాట్స్‌వోల్డ్స్ ప్రాంతం అంటే సున్నపురాయి దేశం. ఇల్లూ, గోడా, దొడ్డీ అన్నీ ఆ పసుపు రాయే. ఆ తొట్టి అంచు మీద నల్లటి ఆకు జారితే రెండు రంగులూ ఎలా తేలతాయో ఇక్కడికొచ్చి చూస్తేగానీ నాకు తెలియలేదు. బెర్ట్రమ్ ఆండర్సన్ ఆఖరి తోట ఇక్కడే లోయర్ స్లాటర్‌లో. ఆల్పైన్ గార్డెన్ సొసైటీ మొదటి తరం పెద్దల్లో ఒకాయన, 1971లో పోయారు. జీవితంలో వరసగా పెంచిన ఏడు తోటల గురించి రాసిన పుస్తకం ఆయన పోయాక వచ్చింది. ఆయన పేరున్న సీడమ్ జానెడెత్తు కూడా లేవదు. సన్నటి నల్లకాడలు, వేలిగోరంత గుండ్రటి ఆకులు, ఆగస్టులో ముదురు గులాబీ పూలు. తొట్టికి ఇంతకన్నా కుదిరినది నేను చూడలేదు.

వీళ్ళందరికీ అక్షరమాల దిద్దిపెట్టినవాడు డబ్లిన్‌లో ఉన్నాడు. రాబర్ట్ లాయిడ్ ప్రేగర్ చదివింది ఇంజనీరింగు, ఉద్యోగం ఐర్లండ్ నేషనల్ లైబ్రరీలో. తోటల్లో సీడమ్‌ల పేర్ల గందరగోళం చూడలేక, దొరికిన ప్రతి రకాన్నీ తెప్పించి, పెంచి, కొలిచి, 1921లో రాయల్ హార్టికల్చరల్ సొసైటీ పత్రికలో మూడు వందల పేజీల పైచిలుకు వ్యాసం రాశాడు. దాన్ని వ్యాసం అనడం ఆ సొసైటీవాళ్ళకే చెల్లింది. జపాన్ కొండచరియల మొక్క సీడమ్ కాటికోలాకి ఆ పేరు పెట్టింది ఈయనే. ఆ మొక్క రక్తం 'రూబీ గ్లో'లో ఉంది. అక్కణ్ణించి వీరా జేమ్సన్‌కి వచ్చింది. ఆ వంగిన కాడ, ఆకు మీది బూడిదరంగు ఆ వైపువే.

ఇక అమ్మకం సంగతి. 1955లో డోర్సెట్‌లో ఫెర్న్‌డౌన్ అనే చోట స్టీవార్ట్స్ అనే కుటుంబం అమెరికా పద్ధతిలో గార్డెన్ సెంటర్ తెరిచింది. బ్రిటన్‌లో అలాంటిది మొదటిది అదేనంటారు. దానికి ముందు మొక్క కొనడమంటే క్యాటలాగు చూసి ఉత్తరం రాయడం. ఆకురాలాక మొక్క నిద్రపోయే కాలంలో, మట్టి దులిపిన వేళ్ళు తడి నాచులో చుట్టి పోస్టులో వచ్చేవి. చేతికొచ్చేది వేళ్ళ గుత్తి. దానికి ఆకెక్కడిది? జనం కొన్నది క్యాటలాగులో రాసిన పువ్వుని. గార్డెన్ సెంటర్ వచ్చాక మొక్క కుండీలోనే పెరిగి, కుండీతోనే ఏ నెలలోనైనా అమ్ముడవుతుంది. జనం కొనడానికి వచ్చేది ఏప్రిల్, మే నెలల్లో. సీడమ్ పువ్వు ఆగస్టు, సెప్టెంబరు దాకా రాదు. ఆ కుండీని బండిలో పెట్టించాల్సింది ఆకే. పచ్చ ఆకుల వరసలో ఒక నల్లటి ఆకు ఉంటే చెయ్యి అటే పోతుంది. నలుపు ఈ యాభై అరవై ఏళ్ళలో ఇంత పైకొచ్చిందంటే కారణం తోటమాలుల రుచి మారడం కాదు, అమ్మే తీరు మారడం అని నా నమ్మకం. మా కడియపులంక నర్సరీలవాళ్ళకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. క్రోటన్లు ఎప్పుడూ ఆకు చూపించే అమ్ముకున్నారు.

ఆ తరవాత వరస కట్టాయి. ఫ్రైబుర్గ్‌లో ఎవాల్ట్ హ్యూగిన్ నర్సరీ నుంచి 'మట్రోనా' వచ్చింది. పాత 'అట్రోపర్‌ప్యూరియం' రంగు, ఆరెండ్స్ 'ఆటమ్ జాయ్' నడుము. మెరిసే వైన్ రంగు కాడలు, ఊదా అంచున్న బూడిదాకుపచ్చ ఆకులు, రెండడుగులున్నా నిటారుగా నిలబడుతుంది. ఈస్ట్ సస్సెక్స్‌లో మార్చంట్స్ నర్సరీ గ్రాహమ్ గఫ్ పేరు మీద 'పర్పుల్ ఎంపరర్' ఉంది. అది కూడా దానంతటది పుట్టిన మొలకే, ఎండలో దాదాపు నలుపు. బెల్జియంలో ఒక పోస్ట్‌మాన్ తన తోటలో ఏరిన దానికి 'పోస్ట్‌మాన్స్ ప్రైడ్' అని పేరొచ్చింది. హాలండ్ నుంచి 'జెనాక్స్' వచ్చింది. మిచిగన్‌లో క్రిస్ హాన్సెన్ తొట్ల కోసమే పొట్టి రకాలు ఒక వరసగా తయారుచేశాడు. అందులో 'చెర్రీ టార్ట్' ఇప్పుడు ఎక్కడ చూసినా అదే. కొత్తవాటిలో చాలావాటికి నాకు ఒకదానికీ ఇంకోదానికీ తేడా కనిపించదు. ట్యాగు తీసేస్తే పెంచినవాళ్ళకి మాత్రం కనిపిస్తుందా అని అనుమానం.

నలుపు నిలబెట్టుకోవడానికి ఎండ కావాలి. ఆ రంగు ఆంథోసయనిన్‌ది, ఎండ తగ్గితే ఆకు పచ్చబడుతుంది. ఎరువెక్కువైతే కాడ సాగి, గుత్తి మధ్యలో విడిపోయి నాలుగు పక్కలా పడుకుంటుంది. మడిలో అయితే ఇసకపాలు ఎక్కువున్న నేల చాలు. మే నెలాఖరులో పొడుగు రకాల్ని సగానికి కత్తిరిస్తే పూత కాస్త ఆలస్యమవుతుంది గానీ మొక్క కురచగా, గట్టిగా వస్తుంది. కోస్తాలో మన ఉక్కకి ఇవి నిలవవు, వీటికి చలికాలం నిద్ర కావాలి. అందుకే కాకినాడకి పట్టుకెళ్ళాలన్న కోరిక ఎప్పుడో వదిలేశాను.

తొట్టిలో శత్రువు వేరు. పోయినేడు సెప్టెంబరులో ఒక కుండీలో 'బెర్ట్రమ్ ఆండర్సన్' నీళ్ళున్నా వడలిపోయింది. కాడ పట్టుకుంటే మొక్క మొత్తం చేతిలోకి వచ్చేసింది, కింద వేళ్ళే లేవు. మట్టి కాగితం మీద గుమ్మరిస్తే తెల్లటి పురుగులు, గోధుమరంగు తలలు, ఒక్కోటి వంగి ముడుచుకుని పడుకుంది. వైన్ వీవిల్ పిల్లలు. తల్లి పురుగు నల్లది, ఎగరలేదు, రాత్రి పూట వచ్చి ఆకు అంచులు గుండ్రంగా కొరుకుతుంది. ఆ జాతిలో అన్నీ ఆడవే. మగవాటితో పనిలేకుండా గుడ్లు పెట్టేస్తాయి. సీడమ్ వేళ్ళంటే వాటికి ప్రాణం, కుండీ మట్టి అంటే ఇంకా ప్రాణం. ఇక్కడ మందుగా కంటికి కనిపించనంత నులిపురుగుల్ని ప్యాకెట్లో అమ్ముతారు. నీళ్ళలో కలిపి పోస్తే అవి ఆ పిల్లల్ని చంపుతాయి. మొక్కని మాత్రం బతికించుకోవడం తేలిక. వేళ్ళు పోయిన కాడని ముక్కలు చేసి ఇసుకలో గుచ్చితే మూడు వారాల్లో మళ్ళీ వేళ్ళు. లైట్ గారు 1578లో చెప్పిన సంగతే.

ఈ ముక్కలు గుచ్చడం దగ్గరే ఇంట్లో పేచీ వచ్చింది. కొత్తగా కొన్న 'జెనాక్స్' కొస తుంచబోతుంటే కోడలు గబగబా వచ్చింది.

"అత్తయ్యా, అది తుంచకండి. ట్యాగు చూడండి, పెంచకూడదని రాశారు."

"కొన్న మొక్క మనదే కదమ్మా?"

"మొక్క మనదే. దాని పిల్లలు మనవి కావు."

గోదావరి జిల్లాలో పుట్టి పెరిగి, వెళ్ళిన ప్రతి ఇంటి నుంచీ కొమ్మ విరుచుకొచ్చినదాన్ని. ఆ మాట నా మనసుకి ఎక్కలేదు. కానీ కోడలు చెప్పిన దాన్లో చరిత్ర ఉంది. అమెరికాలో 1930లో చట్టం చేసి, కొమ్మతోనో అంటుతోనో పెంచే కొత్త రకం మొక్కకి పేటెంటు ఇవ్వడం మొదలుపెట్టారు. 1961లో పారిస్‌లో దేశాలు కూడి మొక్కల పెంపకందారుల హక్కుల ఒప్పందం చేసుకున్నాయి. వీరా జేమ్సన్ గారు తన మొలక మీద ఒక్క పెన్నీ హక్కు అడిగారని నేనెక్కడా చదవలేదు. ఇప్పుడు పుట్టే నల్లాకు సీడమ్ చాలాసార్లు ట్యాగుతోనే పుడుతుంది. కొస తుంచి పారేసినా వేళ్ళేసే మొక్కకి అలాంటి ట్యాగు తగిలించడం తమాషాగానే ఉంటుంది. పదేళ్ళు మొలకలు పెంచి ఏరినవాడికి కూలి ఎవరివ్వాలి అంటే మాత్రం నా దగ్గర జవాబు లేదు.

మా అబ్బాయి రాత్రి కూర్చుని నిబంధనలు చదివాడు. బ్రిటన్‌లో ఆ హక్కు ఇరవై అయిదేళ్ళు. అయితే ఎవరి ఇంట్లో వాళ్ళు, అమ్ముకోకుండా, సొంతానికి పెంచుకుంటే తప్పులేదని 1991లో సవరించిన ఒప్పందంలోనే ఉంది. మర్నాడు పొద్దున్నే కోడలే కత్తెర తెచ్చి చేతికిచ్చింది. అమెరికా పేటెంటులో ఈ వెసులుబాటు లేదు, ఇరవై ఏళ్ళ గడువు తీరాల్సిందే. అందుకని న్యూజెర్సీలో ఉన్న మా చెల్లెలి కూతురు ఏం పెట్టుకోను పెద్దమ్మా అని ఫోన్లో అడిగితే, తొట్టికి బెర్ట్రమ్ ఆండర్సన్, మెట్ల పక్కకి వీరా జేమ్సన్, మడిలో వెనక వరసకి మట్రోనా అని చెప్పాను. ఆ పాతవైతే ఎన్ని ముక్కలు గుచ్చుకున్నా అడిగేవాళ్ళు లేరు.